మబ్బులో ప్రభువు, పొయ్యి దగ్గర అపొలోనియా

1785 మే 2

మా హోల్డర్‌స్టైన్ ప్రభువుగారి సరికొత్త ఆజ్ఞ: కొలువులో జీతం తినే ప్రతివాడూ రోజూ డైరీ రాయాలి. తన తప్పులు తానే తవ్వుకుని బాగుపడాలి. శనివారం శనివారం ఫోంతిన్యాక్ గారు వాటిని తనిఖీ చేస్తారు. ఫ్రాన్సు నుంచి బండెడు పుస్తకాలతోపాటు దిగుమతి అయిన తత్వవేత్త ఆయన. సరే, ఆ డైరీ వేరే ఉంది. "ఈరోజు కోపం తెచ్చుకున్నాను, సిగ్గుపడుతున్నాను" అని నెల మొత్తానికీ ఒకే పూట రాసి పారేశాను. ఇది మాత్రం కోర్బినియన్ అనే నేను, నాటకశాల యంత్రాల మేస్త్రీని, నలభై ఏడేళ్ళవాణ్ణి, నాకోసం రాసుకుంటున్నది.

ప్రభువు పుట్టినరోజుకి సంగీత నాటకం వేస్తున్నాం. పేరు "వివేక విజయం". మాటలు ఆయనవే, ముఖ్య వేషమూ ఆయనదే. చివర్లో మూఢనమ్మకాన్ని గొలుసులతో ఈడ్చుకుపోతారు. పైనుంచి మబ్బు దిగుతుంది. మబ్బులో వెలుగురాజు, అంటే మా ప్రభువు. ఆ మబ్బు నాది. చెక్క, గుడ్డ, దూది, తాళ్ళు. ప్రభువు బరువుకి సరితూగేలా అవతలి తాడుకి ఇసుక సంచులు కట్టాలి. కిందటేటి సంచులు ఈసారి చాలలేదు. ఆ మాట పైకి అనగల మొనగాడు ఈ రాజ్యంలో ఇంకా పుట్టలేదు. గుట్టుగా ఇంకో సంచి కట్టాను.

వస్తూ అపొలోనియా కొట్లో రొట్టె కొన్నాను. నిన్నటిది ఇంట్లో సగం ఉంది. ఉంటే ఉంది.

మే 5

అపొలోనియా సంగతి రాస్తాను. న్యాయమంటే నాకు ఇష్టం కాబట్టి రాస్తున్నాను. వేరే కారణం లేదు.

ఆమె మొగుడు కిందటేడు జూన్‌లో పోయాడు. ఊళ్ళో రొట్టెల పొయ్యిలు ఎన్ని ఉండాలో, ఎవరి చేతిలో ఉండాలో చెప్పేది రొట్టెలవాళ్ళ సంఘం. వాళ్ళ కట్టుబాటు ఇది: యజమాని పోతే పెళ్ళాం ఏడాది దాకా పొయ్యి నడుపుకోవచ్చు. ఆలోగా రొట్టెల పని నేర్చిన పనివాణ్ణెవణ్ణయినా పెళ్ళాడాలి. లేదంటే పొయ్యి సంఘానికి, ఆమె వీధికి. సంఘం పెద్ద ట్రాక్స్‌లర్ తన మేనల్లుడు వెండెల్‌ని పిలకకి నూనె రాసి సిద్ధంగా ఉంచాడు. వెండెల్‌కి ఇరవై రెండేళ్ళు, ఆమెకు నలభై. వాడు ఆమెను అక్కా అని పిలుస్తాడు.

గడువు జూన్ పదిహేను, వైటస్ పునీతుడి పండుగ.

ఈవేళ కొట్లోకి వెళ్ళేసరికి ఆమె మోచేతుల దాకా పిండితో ఉంది.

"ఏం మేస్త్రీ, రోజుకి రెండుసార్లు కొంటున్నావు. ఇంట్లో గుర్రాన్ని గానీ మేపుతున్నావా?"

"ఎలకలున్నాయి."

"తెల్ల రొట్టె తినే ఎలకలా? కొలువులో ఎలకలకీ జీతాలు పెంచినట్టున్నారు."

"వెండెల్‌ని చేసుకుంటావా?" అని అడిగేశాను.

"పిండి పులిసిందో లేదో వాడికి వాడు చెప్పలేడు. మామని అడిగొస్తాడు. రేపు నా గదిలోకి రావాలన్నా మామని అడిగే వస్తాడు" అని నవ్వింది. తర్వాత నవ్వు ఆపేసి పొయ్యిలోకి చూస్తూ నిలబడింది. "పెళ్ళయిన మర్నాటి నుంచీ దీని ముందే ఉన్నాను మేస్త్రీ. పిండి కలిపింది నేను, పేరు ఆయనది. ఇప్పుడు ఆ పేరు పోయింది కాబట్టి చేతులు కూడా పోవాలట."

ఏదో చమత్కారం ఆడాలనుకున్నాను. నోట్లో రొట్టె ఉండిపోయింది.

మే 8

గడ్డం గీసుకున్నాను. నాటకశాలలో దుమ్ము ఎక్కువైంది.

మే 10

మళ్ళీ గడ్డం. మళ్ళీ దుమ్మే.

మే 12

గురువారం. గురువారాలు ప్రభువు ఎవరొచ్చినా నిలబెట్టి మాట్లాడిస్తాడు, శ్రద్ధగా వింటాడు. ఆయన తండ్రి కాలంలో అయితే వేటకుక్కలు వినేవి. అందుకు మాత్రం ఈయనకు దండం పెట్టాలి. అపొలోనియా వెళ్ళింది. ఆ గది తలుపు బందు కిర్రుమంటోందని నేనూ సుత్తి పట్టుకుని వెళ్ళాను. నిజానికి నేను వెళ్ళేదాకా అది కిర్రుమనలేదు.

ఆమె తడుముకోకుండా చెప్పింది. ప్రభువు కళ్ళు చెమ్మగిల్లాయి. ఆయనకు తొందరగా చెమ్మగిల్లుతాయి.

"అమ్మా, నీ మాట నా గుండెను తాకింది. ఆచారం కదా అని గుడ్డిగా ఒప్పుకోకూడదు."

అపొలోనియా మొహం వెలిగింది.

"అలాగని గుడ్డిగా తోసెయ్యనూ కూడదు. ఫోంతిన్యాక్, ఒక విచారణ సంఘం వేద్దాం."

"దివ్యంగా ఉంది ప్రభూ. మొట్టమొదట పొయ్యి అంటే ఏమిటో నిర్వచించుకోవాలి" అన్నాడు ఫోంతిన్యాక్.

బంగాళాదుంప మనుషులు తినదగినదా అని వేసిన విచారణ సంఘం ఇంకా కూర్చునే ఉంది. వాళ్ళ ముందు పెట్టిన దుంపలు మొలకెత్తి, పూత పూసి, వాడిపోయాయి.

మెట్లు దిగుతూ అపొలోనియా అంది: "పొయ్యి అంటే ఏమిటో తెలియదటా ఆయనకి? ఓసారి చెయ్యి పెట్టి చూడమనవయ్యా."

మే 14

బ్రహ్మాండమైన ఉపాయం తట్టింది. జనం పండుగల పేరుతో పని ఎగ్గొడుతున్నారని ప్రభువు కిందటి శీతాకాలంలో పునీతుల పండుగలు సగానికి సగం కొట్టేశాడు. కొట్టేసినవాటిలో వైటస్ పండుగ ఉంది!

సంఘం వాళ్ళు కూర్చునే సారాయి కొట్టుకి పంచాంగం పట్టుకుని వెళ్ళాను. "ట్రాక్స్‌లర్ గారూ, వైటస్ పండుగ దాకా గడువన్నారు. ఆ పండుగ ఇక ఈ రాజ్యంలో రాదు. రాని పండుగకి గడువెలా ముగుస్తుంది? ప్రభువు ఆజ్ఞ మీరు ధిక్కరిస్తున్నారా?"

ఒకాయన బీరు ముంత దించాడు. ఇంకొకాయన నోరు తెరిచాడు. ఆ రెండు క్షణాలూ నేను రాజ్యానికే రాజుని.

ట్రాక్స్‌లర్ మీసాల మీద నురగ తుడుచుకున్నాడు. "పండుగని కొట్టేశాడు, పదిహేనో తారీఖుని కొట్టెయ్యలేదు. అయినా నీకెందుకయ్యా ఈ దురద? మబ్బులు లాగేవాడివి, మబ్బులు లాక్కో. ఆవిడ నీకేమవుతుంది?"

"రొట్టెలమ్మే మనిషి."

"మేమూ అమ్ముతాం. మా కొట్టు గడప ఒక్కనాడైనా తొక్కావా?"

కొట్టంతా ఘొల్లుమంది. నేనూ నవ్వాను. చెవులు వేడెక్కాయి. బీరు వల్ల.

ఇంటికొస్తూ ట్రాక్స్‌లర్ దుకాణం గుర్తుగా వేలాడే చెక్క ప్రెట్జెల్‌ని, ఆ మెలికల రొట్టె బొమ్మని, తలకిందులుగా కట్టి వచ్చాను.

మే 20

అభ్యాసం. ప్రభువు మబ్బులో నిలబడి పాడాలి: "నా ప్రజలారా రండి, జంకు లేక పలకండి, వివేకం వింటోంది!" కింద పల్లెజనం వేషగాళ్ళు చేతులు జోడించి "మాకే కొరతా లేదు" అని పాడాలి. అది కూడా ఆయన రాసిందే.

సగం దిగాక ఇసుక సంచి ఎక్కడో తగులుకుని మబ్బు ఆగిపోయింది. ప్రభువు అందులో కాళ్ళు దగ్గరగా పెట్టుకుని, మబ్బు మధ్యనున్న స్తంభాన్ని కావిలించుకుని, కిందకి చూశాడు. "మేస్త్రీ... మేస్త్రీ గారూ... ఏమైంది?"

గారూ! పన్నెండేళ్ళ కొలువులో మొదటిసారి. మనిషి నేలకి ఎంత ఎత్తులో వేలాడితే అంత మర్యాద వస్తుంది. ఇది ఫోంతిన్యాక్ పుస్తకాల్లో ఉండదు.

ఒక ఆలోచన వచ్చింది.

మే 21

పిచ్చి ఆలోచన. వదిలేశాను.

మే 22

వదల్లేదు.

మే 27

అపొలోనియాకి చెప్పాను. పుట్టినరోజుకి ఇరుగుపొరుగు రాజ్యాల దొరలందరూ వస్తారు. వాళ్ళ ముందు ప్రభువు మబ్బులోంచి "పలకండి" అని పాడతాడు. సరిగ్గా అప్పుడు మబ్బు ఆగుతుంది. సరిగ్గా అప్పుడు వేదిక నేలలోని తలుపు తెరుచుకుని ఆమె పైకి వస్తుంది, పలుకుతుంది. కిందకి దిగే దారి లేదు, విచారణ సంఘం వేసే వీలు లేదు.

ఆమె పిండి గంప కింద పెట్టి నన్ను ఎగాదిగా చూసింది. "నీకు మతి పోయిందా? పట్టుకుని కొరడాతో చీరేస్తారు."

"కొరడా రద్దు చేశాడుగా."

"కొలువులోంచి తరిమేస్తారు."

"నాకా? నేను లేకపోతే ఆయన్ని ఎవడు ఎత్తుతాడు?"

"ఎందుకు మేస్త్రీ? నీకెందుకు ఇదంతా?"

"తమాషాకి" అన్నాను.

"ఒట్టి తమాషాకేనా?"

"నాకింకేం పని?"

ఒక గసగసాల రొట్టె చేతిలో పెట్టింది. మళ్ళీ పిండి మీద పడింది. ఎందుకోగానీ పిండిని గట్టిగా కొడుతోంది. మంచి పిండికి దెబ్బలు పడాల్సిందే మరి.

జూన్ 5

నాటకశాల ఖాళీగా ఉన్న మధ్యాహ్నం ఆమెకు తలుపు కింద ఎత్తుడు బల్ల చూపించాను. నేను చక్రం తిప్పితే బల్ల పైకి లేస్తుంది. మొదటిసారి కెవ్వుమంది. రెండోసారి నవ్వింది. మూడోసారి "ఇంకోసారి" అంది. నాలుగోసారికి చక్రాన్ని మేకుకి గట్టిగా కట్టేసి, పడిపోకుండా మోచెయ్యి పట్టుకున్నాను. మోచెయ్యి మాత్రమే. యంత్రాల దగ్గర జాగ్రత్తగా ఉండాలి.

జూన్ 9

నిద్ర లేదు. తాళ్ళకి కొవ్వు రాయాలి.

జూన్ 11

అబ్బబ్బ! నవ్వొస్తోంది, కాపలావాడు ఓ కొవ్వొత్తి ముక్క ఇచ్చాడు, మొత్తం రాసేస్తాను.

సభ కిటకిటలాడింది. ఎన్ని పొడి రాసిన జుట్టు టోపీలో! ఎవరైనా తుమ్మితే పిండిమరలా ఉంది. మూఢనమ్మకాన్ని గొలుసులతో ఈడ్చేశారు, చప్పట్లు. పక్క రాజ్యం ముసలి దొర తన వాళ్ళ చెవిలో ఏదో అన్నాడు. అసూయే అయ్యుంటుంది. వయొలిన్లు లేచాయి. నేను చక్రం వదిలాను. మబ్బు కదిలింది. బంగారు జరీ అంగీలో, తల చుట్టూ రేకు కిరణాలతో మా ప్రభువు దిగుతున్నాడు. అబద్ధమెందుకు, అందంగానే ఉన్నాడు. "నా ప్రజలారా రండి, జంకు లేక పలకండి..."

చక్రంలో గూటం దిగ్గొట్టాను. మబ్బు ఒక్క ఊగు ఊగి ఆగింది. వయొలిన్లు ఒక్కొక్కటే చల్లారాయి.

పక్కనే ఉన్న ఎత్తుడు బల్ల చక్రం తిప్పాను, వేదిక తలుపు తెరుచుకుంది. అపొలోనియా పైకి లేచింది. వేషం కాదు, తన సొంత గోధుమరంగు గౌను, తన సొంత ముంజేతులు. మోకాళ్ళ మీద పడుతుందనుకున్నాను. పడలేదు.

"పలకమన్నారు ప్రభూ, పలుకుతున్నాను. గురువారం కూడా పలికాను. పొయ్యి అంటే ఏమిటో తేలాలన్నారు. పొయ్యంటే నాకు తెలుసు. రోజూ తెల్లవారకముందే దానికి నేను జవాబు చెప్పుకుంటున్నాను. నా రొట్టె మీ బల్ల మీదికి వస్తుంది, అది ఆడదాని రొట్టె అని మీరెప్పుడూ తిప్పి పంపలేదు. మరి నాకు ఒక మగవాడు దొరక్కపోతే ఆ పొయ్యి నాది కాకుండా ఎందుకు పోవాలి? దీనికి వివేకం ఏమంటుందో చెప్పండి."

 ప్రభువు స్తంభాన్ని పట్టుకుని నావైపు చూశాడు. "మేస్త్రీ గారూ!" అని గుసగుసలాడాడు. ఆ గుసగుస మూడో వరస దాకా వినిపించింది.

"చిక్కు పడింది ప్రభూ! ఒక్క నిమిషం!" అని అరిచాను.

ముందు వరసలో ట్రాక్స్‌లర్ లేచాడు. "ఇది కట్టుబాటు ప్రభూ! తాతల నాటిది!"

అంతే. కొంప మునిగింది, వాడిది. ఇప్పుడే తాతల నాటి మూఢనమ్మకాన్ని గొలుసులతో ఈడ్చేసిన వేదిక అది. సభంతా పకపకలాడింది. పక్క రాజ్యం దొర ముందుకు వంగాడు.

ప్రభువు ఎర్రబడ్డాడు. మొదట భయంతో. తర్వాత, ఒట్టేసి చెబుతున్నాను, సంతోషంతో. ఆయన వెన్ను నిటారైంది. స్తంభాన్ని వదిలేశాడు. "ఫోంతిన్యాక్! ఈ కట్టుబాటుకి కారణం ఉందా? ఒక్క మాటలో చెప్పు!"

పాపం ఆయన జీవితంలో ఒక్క మాటలో ఏదీ చెప్పలేదు. "కారణం... లేదు ప్రభూ. అయితే సంఘం హక్కు కూడా కాస్త మిగలాలి కాబట్టి... ఆమె విధవగా ఉన్నంత కాలం..."

"ఆమె విధవగా ఉన్నంత కాలం పొయ్యి ఆమెదే! ఆమెదే కాదు, ఈ రాజ్యంలో ప్రతి విధవ పొయ్యీ, ప్రతి మగ్గమూ, ప్రతి కొలిమీ ఆమెదే!" అన్నాడు ప్రభువు పైనుంచి. ఆ క్షణంలో రేకు కిరణాలు నిజంగానే మెరిశాయి.

"భేష్! అలాగే రాయండి! ఒక్క అక్షరం తగ్గొద్దు!" అని అందరికంటే గట్టిగా అరిచింది నేనే.

చప్పట్లు కప్పు లేపేశాయి. అపొలోనియా ఏడ్చింది, నవ్వింది. వెండెల్ ఎగిరి గంతేశాడు. వాడు బతికిపోయాడు మరి. నేను గూటం పీకాను.

దిగాక ప్రభువు నా దగ్గరికి వచ్చాడు. "చిక్కు నిజంగా పడిందా?"

అక్కడ ఊరుకోవాల్సింది. గెలిచిన మత్తులో నోరు జారింది. "ఏం చెయ్యను ప్రభూ, సంచి మీద సంచి కట్టుకుంటూ వచ్చాను. ఈ ఏడు మీ బరువుకి..."

ప్రభువు పక్కనే ఉన్న దొరసాని దగ్గింది.

కోట బురుజులో వారం రోజులు. రాజద్రోహానికి ఒక్కరోజే. మిగతావన్నీ బరువు మాటకి.

జూన్ 12

కొరడా రద్దయింది కదా. బదులుగా కొత్త శిక్ష: ఫోంతిన్యాక్ వచ్చి నా వివేకాన్ని మేల్కొల్పుతాడు. పొద్దున ఓసారి, సాయంత్రం ఓసారి. కొరడాయే నయం.

జూన్ 13

మేల్కొల్పాడు. నిద్రపోయాను.

జూన్ 14

ఇవాళ ఆయనే ముందు నిద్రపోయాడు. లేచాక మెల్లగా అడిగాడు: "మేస్త్రీ, ఆ మబ్బు అందరి ముందూ ఆగకపోతే ప్రభువు ఒప్పుకునేవాడంటావా?"

"మీరే చెప్పండి."

"నా పుస్తకంలో మనిషి వివేకం విని మారతాడని రాశాను."

"విన్నాడుగా. మనం కాస్త కదలకుండా పట్టుకున్నాం, అంతే."

 సాయంత్రం పాఠానికి పుస్తకం బదులు పేకముక్కలు తెచ్చాడు.

జూన్ 15

వైటస్ రోజు. పండుగ లేదు. పొయ్యి ఆమె దగ్గరే ఉంది. బురుజు కిటికీలోంచి ఆమె పొగగొట్టం కనిపిస్తుంది. పొద్దున్నుంచీ దాన్నే చూస్తున్నాను. వేరే దృశ్యం లేదు కాబట్టి.

జూన్ 16

వేరే దృశ్యం ఉంది. నది, కొండ, చర్చి గోపురం, దాని మీద పిడుగులు పట్టే కొత్త ఇనుప ఊచ. అన్నీ ఉన్నాయి. నేను పొగగొట్టాన్నే చూస్తున్నాను. సరే. రాసేస్తాను. ఎవరు చూస్తారు గనక! ఆమె అంటే నాకు ఇష్టం. మే నుంచి కాదు. ఎప్పటినుంచో.

జూన్ 17

వచ్చింది! గంప నిండా రొట్టెలు. కాపలావాడికి ఒకటిచ్చి బయట నిలబెట్టింది.

అడిగేశాను. చమత్కారం లేదు, మెలిక లేదు. "అపొలోనియా, నన్ను పెళ్ళి చేసుకుంటావా?"

రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడుస్తోందనుకున్నాను. కాదు. నవ్వుతోంది. భుజాలు ఎగిరిపడేలా నవ్వుతోంది.

"నవ్వులాటగా ఉందా నీకు?"

"ఓరి నా పిచ్చి మేస్త్రీ! ప్రభువు ఏమన్నాడు? విధవగా ఉన్నంత కాలం పొయ్యి నాది అన్నాడు. ఒక్క అక్షరం తగ్గొద్దని గొంతు చించుకుంది ఎవరు?"

బురుజు గోడకి ఆనుకున్నాను.

"నిన్ను చేసుకుంటే పొయ్యి పోతుంది" అంది, నవ్వు కాస్త ఆపుకుని. "రొట్టెల పనివాణ్ణి చేసుకుంటే మాత్రం పాత కట్టుబాటు ప్రకారం పోదు. నువ్వేమో మబ్బులవాడివి."

"మరయితే కాదంటావా?"

"పొయ్యిని వదులుకోనంటున్నాను. నిన్ను కాదనలేదు." కళ్ళు తుడుచుకుంది. "మే నెల నుంచీ ఎదురుచూస్తున్నాను మేస్త్రీ, ఎప్పుడడుగుతావా అని. అడిగావు కూడా, ఎప్పుడో చూడు!"

వెళ్ళాక కూడా మెట్ల మీద ఆమె నవ్వు వినిపిస్తూనే ఉంది. నా చేతులతో నేనే గూటం దిగ్గొట్టుకున్నాను. ఏడవాలి న్యాయంగా. మొత్తం గంప తినేశాను.

జూన్ 18

విడుదల. కొలువులోంచి కూడా విడుదల. మబ్బుకి కొత్త మేస్త్రీ వస్తాడట, సన్నగా ఉన్న ప్రభువుని ఎత్తడానికి. ఇంటికెళ్ళలేదు. ఊరంతా మూడుసార్లు చుట్టాను. మూడోసారి వంతెన మీద ఆగి, ఒక్కణ్ణే గట్టిగా నవ్వాను. చేపలు పట్టేవాడు లేచి దూరంగా జరిగాడు.

జూన్ 20

సంఘం సమావేశం. అపొలోనియా, తొలిసారి సొంత పేరుతో, యజమానురాలి బల్ల మీద కూర్చుంది. నేను టోపీ చేత్తో పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాను.

"మళ్ళీ వచ్చాడు మబ్బులవాడు! ఏం కావాలయ్యా?" అన్నాడు ట్రాక్స్‌లర్.

"ఈ యజమానురాలి దగ్గర శిష్యుడిగా చేరతాను. రొట్టెల పని నేర్చుకుంటాను."

"నీకు యాభై వస్తున్నాయి!"

"శిష్యుడి వయసు ఇంత దాటకూడదని కట్టుబాట్లలో ఎక్కడుంది? తాతల నాటివి కదా, చదివి చూడండి."

చదివారు. కింది నుంచి పైకి కూడా చదివారు. లేదు. పన్నెండేళ్ళ పిల్లలే చేరతారు కాబట్టి పైహద్దు పెట్టాలని ఏ తాతకీ తోచలేదు.

"యజమానురాలు ఒప్పుకోవాలిగా" అన్నాడు ట్రాక్స్‌లర్, ఆఖరి ఆశతో.

అపొలోనియా నన్ను కొత్త మనిషిని చూసినట్టు చూసింది. "చేతులు చూపించు" అంది. చూపించాను. అటూ ఇటూ తిప్పి, అందరి ముందూ అక్కరకు మించి పట్టుకుంది. "గట్టివే. నోరే కాస్త పెద్దది. పిండితో మూస్తాలెండి."

వెండెల్ అందరికంటే ముందు చప్పట్లు కొట్టాడు. వాడు కొట్టాక మామని చూశాడు.

జూన్ 21

కట్టుబాట్లు పెద్దగా చదివి వినిపించారు. శిష్యుడు యజమాని ఇంట్లోనే ఉండాలి. యజమాని బల్ల మీదే తినాలి. యజమాని మాట జవదాటరాదు. మూడేళ్ళు నేర్చాక పనివాడవుతాడు. ఆలోగా యజమాని అనుమతి లేనిదే పెళ్ళాడరాదు.

అనుమతి అడిగాను.

"ఇవ్వను" అంది యజమానురాలు. "ముందు పిండి కలపడం నేర్చుకో. మూడేళ్ళయ్యాక చూద్దాం."

తెల్లవారకముందే లేపింది. జుట్టు నిండా పిండి, కళ్ళ నిండా పొగ, వీపు విరిగిపోయింది, మొదటి వాయి నేనే మాడ్చాను. చెవి మెలిపెట్టింది. రొట్టె మాడితే ఇంటికి పంపేస్తావా అని అడిగాను. శిష్యుణ్ణి పంపడానికి వీల్లేదంది, కట్టుబాటట.